దారుకర్మశాలలో ధూళిసంగ్రాహకము - గొట్టముల కూర్పు

గోదావరీ తీరమందలి నాందేడు పట్టణము 1956వ సంవత్సరము వఱకు హైదరాబాదు రాజ్యములోనిది. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. ఆ సందర్భముననే ముధోలు, భైంసా, కుబేరు ఫిర్కాలును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కలు ఫిర్కాలును నాందేడు జిల్లానుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరినవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వటు తాలూకా నాందేడులో కలిసినది. పటముమీద గీత మాఱినను ఇండ్లలోని మాట మాఱలేదు. బిలోలి, ధర్మాబాదు, దెగ్లూరు ప్రాంతములలో తెలుగు నేటికిని వినవచ్చుచునే యున్నది. ఈ సరిహద్దుల కథ వేఱొక వ్యాసమునకు తగినది. ఇచ్చట దానిని ప్రస్తావించుటకు కారణము కఱ్ఱ. కిన్వటు అడవులు టేకునకు ప్రసిద్ధములు. నాందేడునుండి భోకరు, భైంసాల మీదుగ పోవు బాట చేరు నిర్మలు పట్టణము పొణికికఱ్ఱ బొమ్మలకు ప్రసిద్ధము. ఒకవైపు గట్టి టేకు, ఒకవైపు మెత్తని పొణికి. ఈ రెండింటి నడుమ నున్న పట్టణమున కఱ్ఱ కోయుచు, చిత్రికపట్టుచు, నునుపుచేయుచు జీవించువారి ముక్కులలోనికి, ఊపిరితిత్తులలోనికి పోవు ధూళిని గూర్చియే ఈ వివరణము.

చేతిపనిముట్ల కాలమున వడ్రంగిశాలలో నేలపై పడునది చాలవఱకు బరువైనది. బాడిసతో చెక్కిన పేళ్లు, చిత్రికనుండి చుట్టలు చుట్టుకొని వచ్చు పొరలు, రంపపు పొట్టు - ఇవన్నియు సాయంకాలము చీపురుతో ఊడ్చి పొయ్యిలోనికి పంపదగినవి. విద్యుచ్ఛక్తితో తిరుగు వలయరంపము, చిత్రికయంత్రము, రౌటరు, ఉప్పుకాగితపు పట్టా తిరుగు యంత్రము వచ్చిన పిమ్మట పని వేగమైనది, పొట్టు సన్ననైనది. అందులోను పీచును జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలకలను కోసినప్పుడు వచ్చునది పొట్టు కాదు, గోధుమపిండి వంటి పొడి. మరాఠీవారు భూసా యని పిలుచు దానిని ఊడ్చుటకు చీపురు చాలును. ఈ పొడిని చీపురు మఱల గాలిలోనికి లేపును.

అందుచేత అనేక చిన్న కర్మశాలలవారు ధూళిసంగ్రాహకమును, అనగా బజారులో డస్టు కలెక్టరు అని అడిగి తెచ్చుకొను యంత్రమును, కొనుచున్నారు. కొన్న కొన్ని దినములకే తఱచుగ వినబడు మాట యొకటి కలదు: యంత్రము ధ్వని చేయుచున్నది గాని పొట్టు లాగుట లేదని. దోషము మోటారుదని తలంచి మఱింత పెద్ద మోటారు గల యంత్రమునకు ధనము కూర్చుకొనువారును గలరు. పరీక్షించి చూచినచో చాల సందర్భములలో మోటారు నిర్దోషి. దోషము యంత్రమునకును రంపమునకును నడుమ బిగించిన గొట్టములది, అంతకన్న ముఖ్యముగ ఆ గొట్టముల అతుకులది.

గొట్టముల సంగతికి పోకముందు ధూళి సంగతి కొంత తెలియవలెను. మనుధర్మశాస్త్రమున తూనికల లెక్క చెప్పునప్పుడు, గవాక్షమునుండి లోనికి వచ్చు సూర్యకిరణమున కనబడు సూక్ష్మమైన రేణువునకు త్రసరేణువని పేరుపెట్టి, దానిని కొలతలలో మొదటిదిగా గ్రహించిరి. పైకప్పు రేకుల సందునుండి ఎండ పడు కర్మశాలలో ఈ త్రసరేణువులను ఎవరైనను చూడవచ్చును. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో 70 వేయవ వంతులు. 10 మైక్రానులకు లోబడిన రేణువులు ముక్కులోని తడి పొరలను దాటి లోనికి పోగలవు. ఇవి నేలకు దిగుటకు గంటలు పట్టును. పని ముగించి, యంత్రములాపి, చల్లగ కూర్చుండి టీ త్రాగు సమయమున పీల్చునవి ఇవియే.

ఇంగ్లండులోని హైవికం పట్టణము కుర్చీల తయారీకి పేరుపడినది. అచ్చటి ఉపస్కరముల కార్మికులలో ముక్కు లోపలి కుహరములకు వచ్చు ఒక అరుదైన పుండు, ఇతరులలో కన్న మిక్కిలి హెచ్చుగ కనబడుచున్నదని 1960ల దశకమున వైద్యులు గుర్తించిరి. అటుపిమ్మట పలు దేశములలో జరిగిన పరిశోధనల ఫలితముగ, కఱ్ఱ ధూళి మనుష్యులకు కేన్సరు కలిగించునదని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. ఈ నిర్ణయమునకు ముఖ్యాధారము గట్టిజాతి కఱ్ఱలు. టేకు ఆ జాతిలోనిదే. టేకు పొడి కొందఱి చర్మముపై దద్దురు, దురద కలిగించుటయు ప్రసిద్ధమే. ఉబ్బసము, ఎడతెగని జలుబు, కంటిమంట చెప్పనక్కఱలేదు. ఒకనాడు పీల్చినందున ఏమియు కాదు. ఇరువది ముప్పది సంవత్సరములు పీల్చినవారి లెక్క వేఱు.

నాందేడువారికి ధూళివ్యాధి క్రొత్తది కాదు. ఈ ప్రాంతము గావరాణి పత్తికి పేరుపొందినది. నిజాము కాలమున ఇచ్చట ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసినది. దూది ధూళి పీల్చిన కార్మికునకు వారాంతపు సెలవు గడపి మరల పనిలోనికి వచ్చిన దినముననే ఛాతి బిగియుట, ఆయాసము హెచ్చుట దూదిమిల్లుల వ్యాధికి గుర్తని వైద్యులు చెప్పుదురు. అందుచేతనే పాశ్చాత్యులు దానికి సోమవారపు జ్వరమని పేరిడిరి. కఱ్ఱ ధూళి అట్టి హెచ్చరిక యేదియు చేయదు. అందువలననే దానిని లెక్కచేయకుండుట సులభమగుచున్నది.

1948లో భారతదేశమున చేయబడిన ఫ్యాక్టరీల చట్టపు 14వ విభాగము ధూళిని గూర్చినది. అందు రెండు మాటలు ఈ వ్యాసమునకు ప్రాణమువంటివి. ధూళిని తీసివేయు సాధనమును ధూళి పుట్టు చోటికి వీలైనంత సమీపమున ఉంచవలెను. ఆ చోటును వీలైనంతవఱకు మూసివేయవలెను. అయితే ఆ చట్టము యంత్రశక్తి గల చోట పదిమంది, లేనిచోట ఇరువదిమంది పనిచేయు శాలలకు వర్తించునట్లు వ్రాయబడినది. తండ్రి, ఇద్దఱు కుమారులు, ఒక పనివాడు గల శాల దాని పరిధిలోనికి రాలేదు. అట్టి శాలలో పర్యవేక్షకుడు యజమానియే, రోగి కాగలవాడును యజమానియే.

ఇక యంత్రము. ధూళిసంగ్రాహకమున ముఖ్యాంగము ఒక గుండ్రని పెట్టెలో తిరుగు రెక్కలచక్రము. అది నడిమినుండి గాలిని పీల్చి అంచునుండి విసరును. విసరబడిన గాలి ఒక గుడ్డసంచిలోనికి పోయి, గుడ్డలోనుండి బయటికి వచ్చును. పొట్టు సంచిలో మిగులును. కొన్నింటిలో సంచికి ముందు గాలిని సుడి తిప్పు గరాటు వంటి పాత్ర యుండును. సుడిలో బరువైన పొట్టు గోడలకు కొట్టుకొని క్రిందికి జాఱును. అమెరికాలో 1885లో పేటెంటు పొందిన ఈ సుడిపాత్ర నేటికిని పెద్ద కోతమిల్లుల కప్పులమీద కనబడుచుండును.

ధూళిసంగ్రాహకమును, ఇల్లు తుడుచు వాక్యూము క్లీనరును ఒకటిగ తలంచుట మొదటి పొరపాటు. వాక్యూము యొక్క పీల్పు బలము చాల హెచ్చు. నీటిని రెండు మీటర్ల ఎత్తునకు లాగగల బలమది. కాని అది తీసికొను గాలి పరిమాణము స్వల్పము. ధూళిసంగ్రాహకము లాగగలది నీటిని సుమారు 20, 25 సెంటీమీటర్లు మాత్రమే; తీసికొను గాలి మాత్రము దానికి అనేక రెట్లు. ఒకటి లోతుబావిలో మోట వంటిది, వేఱొకటి మట్టసముగ పాఱు కాలువ వంటిది. మోట నీటిని సన్నని గొట్టమునకు మలుపవచ్చును. కాలువకు సన్నని గొట్టము తగిలించినచో కాలువ నిలిచిపోవును. చేతి యంత్రమునకు ఉన్న 35 మిల్లీమీటర్ల ముక్కునకు సరిపడునట్లు ధూళిసంగ్రాహకపు గొట్టమును వరుసగ తగ్గించుకొని పోవువారు చేయుచున్నది ఇదియే. అట్టి చేతి యంత్రములకు వాక్యూమే తగినది.

పీల్పునకు గల మఱియొక స్వభావము నిత్యానుభవములోనిది. దీపమును రెండడుగుల దూరమునుండి ఊది ఆర్పవచ్చును. అంత దూరమునుండి పీల్చి ఆర్పుట ఎవరి తరమును కాదు. ఊదిన గాలి ఒక త్రోవన పోవును. పీల్చు గాలి అన్ని వైపులనుండి వచ్చును. గొట్టపు నోటియొద్ద ఎంత వేగమున్నదో, ఆ నోటినుండి గొట్టపు అడ్డుకొలత యంత దూరమున అందులో పదవవంతు కన్న తక్కువ మాత్రమే మిగులును. నాలుగంగుళముల గొట్టమును రంపమునకు ఒక అడుగు ఎడముగ వ్రేలాడదీసిన శాలలో పీల్పు లేదనుట తప్పు. పీల్పు ఉన్నది, రంపమునొద్ద లేదు. రంపపు బల్ల క్రింద రేకుతో గాని పలకతో గాని పెట్టె కట్టి, దానికి గొట్టము తగిలించినగాని ప్రయోజనము లేదు. చట్టము చెప్పిన రెండు మాటల అర్థమిదియే.

ఇప్పుడు వేగము. కఱ్ఱ పొట్టును గాలి మోసికొని పోవలెనన్న గొట్టములో గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో పోవలెనని ఈ శాస్త్రమునందు ఎన్నికైన మాట. అంతకన్న చాల తగ్గినచో పొట్టు గొట్టపు అడుగున నిలిచి క్రమముగ పూడిక యగును. ఏటి ప్రవాహము మందగించిన చోటనే ఇసుక మేట వేయును గదా. 100 మిల్లీమీటర్ల గొట్టములో 20 మీటర్ల వేగము నిలుపుటకు గంటకు సుమారు 565 ఘనమీటర్ల గాలి కావలెను. 150 మిల్లీమీటర్ల గొట్టమునకు సుమారు 1270 కావలెను. 50 మిల్లీమీటర్ల గొట్టములో ఆ వేగమున పోవునది 141 మాత్రమే. అమ్మకపు చీటీపై వ్రాసిన గాలి పరిమాణము సాధారణముగ గొట్టములేవియు లేనప్పటిది. గొట్టములు, మలుపులు తగిలించి సంచి కొంత మూసికొనిపోయిన పిమ్మట అది సగమునకు పడిపోవుటయు కలదు.

ఇచ్చట ఒక చిక్కు గలదు. సన్నని గొట్టము గాలిని అడ్డగించును. అదే పరిమాణపు గాలి పోవునప్పుడు గొట్టపు ప్రతిఘటన అడ్డుకొలత యొక్క అయిదవ ఘాతమును బట్టి మాఱును. 150 మిల్లీమీటర్ల గొట్టము బదులు 100ది వేసినచో ప్రతిఘటన ఒకటిన్నర రెట్లు కాదు, ఏడున్నర రెట్లు హెచ్చును. ఇది విన్నవాడు అన్నింటికిని పెద్ద గొట్టమే వేయుదునని తలచును. అదియు తప్పే. 100 మిల్లీమీటర్ల శాఖలో 20 మీటర్ల వేగముతో వచ్చిన గాలి ఒంటరిగ 150 మిల్లీమీటర్ల ప్రధాననాళములోనికి చేరినప్పుడు వేగము 9 మీటర్లకు పడును. 200 మిల్లీమీటర్ల దానిలో 5 మీటర్లకు. పొట్టు అచ్చటనే పరుండును. రెండు శాఖలు ఒకేసారి తెఱచినచో 150 దానిలో సుమారు 18 వచ్చును, పని జరుగును. కనుక ఒకసారికి ఒకే యంత్రము నడుపు చిన్న శాలలో, యంత్రములు నాలుగైదు మీటర్ల దూరములోనే ఉన్నప్పుడు, అంతటను 100 గొట్టమునే పొట్టి దారిన వేయుట మేలు. రెండు యంత్రములు కలసి నడచు చోటనే 150 ప్రధాననాళమునకు అర్థము కలదు.

గొట్టములు రెండు విధములు: కదలని పైపు, వంగు హోసు. తీగ చుట్టలపై పలుచని ప్లాస్టికు తొడిగిన హోసు చేతికి లొంగును, చౌకగ దొరకును, ఎటు త్రిప్పిన అటు తిరుగును. అందుచే శాల యంతయు హోసుతోనే కట్టుట పరిపాటి యైనది. దాని లోపల చేయి పెట్టి చూచినచో మెట్లు మెట్లుగ ముడుతలు తగులును. ఆ ముడుతలు గాలిని రాచి ఆపును. 20 మీటర్ల వేగమున నున్నని 100 మిల్లీమీటర్ల పైపులో మీటరునకు సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి ఖర్చగును. హోసులో దానికి రెండు మూడు రెట్లు. ఇక మలుపు. నీటిపనికి వాడు చతురస్రపు ఎల్బో ఒక్కొక్కటి సుమారు 29 మిల్లీమీటర్లు తినును; నిదానముగ వంగిన పెద్ద మలుపు ఏడు మిల్లీమీటర్లతో సరిపెట్టును. మూడు మీటర్ల హోసు, రెండు చతురస్రపు ఎల్బోలు గల కూర్పు 90 మిల్లీమీటర్ల పైచిలుకు ఖర్చు చేయగా, మూడు మీటర్ల పైపు, రెండు నిదానపు మలుపులు గల కూర్పు 27 మాత్రమే ఖర్చు చేయును. యంత్రమునకు ఉన్నది మొత్తము 200, 250 మాత్రమేయని గుర్తుంచుకొన్నచో ఈ భేదము చిన్నది కాదని తెలియును. నిదానపు మలుపు దొరకనిచోట 45 డిగ్రీల ముక్కలు రెండు, నడుమ చిన్న పైపు తుండముతో కలిపినచో అదే పని చేయును. హోసును యంత్రమునొద్ద కదలికకు కావలసిన ఒక మీటరునకు మించక వాడవలెను. వాడినంతమేర బిగువుగ సాగదీసి యుంచవలెను. వ్రేలాడు హోసు కడుపులో పొట్టు చేరును.

ఇంతవఱకు చెప్పినది తెలిసినవారును చిక్కుకొను చోటు అతుకు. దుకాణములో నాలుగంగుళముల పైపు అని అడిగినచో ఇచ్చునది 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టము. మనదేశపు ప్రమాణముల ప్రకారము పి.వి.సి. గొట్టమునకు చెప్పు కొలత వెలుపలిది: 63, 75, 90, 110, 140, 160 - ఇవన్నియు వెలుపలి కొలతలే. లోపలి కొలత గోడ మందమును బట్టి మాఱును. 110 గొట్టమునకు అది సాధారణముగ 104, 105 ప్రాంతమున నుండును. హోసునకు చెప్పు కొలత లోపలిది. ధూళిసంగ్రాహకపు నోటికి చెప్పు 100 కొలత మరల వెలుపలిది, హోసు దానిపై ఎక్కవలెను గనుక. మూడు వస్తువులకును నాలుగంగుళములని ఒకే పేరు. మూడును ఒకదానితో ఒకటి కలియవు. హోసు పైపుమీద ఎక్కదు, ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు సాగవలసి వచ్చును, తీగచుట్ట సాగనీయదు. యంత్రపు నోరు పైపులోనికి దూరును గాని చుట్టును రెండున్నర మిల్లీమీటర్ల సందు మిగులును. వడ్రంగి కుసిని తొలికి సరిపెట్టునప్పుడు ఇంత సందును ఎన్నడును సహింపడు. అట్టివాడే ఇచ్చట సందుపై టేపు చుట్టి వదలివేయుట ఆశ్చర్యకరము. ఆ టేపు వర్షాకాలములో ఊడును. ఊడకున్నను పీల్పునకు లోనికి ముడుచుకొని పొట్టును పట్టుకొనును.

కొనుటకు పోవునప్పుడు పేరు చెప్పక కొలకఱ్ఱ పట్టుకొని పోవుట మొదటి ఉపాయము. యంత్రపు నోటి వెలుపలి కొలతను, హోసు లోపలి కొలతను, పైపు రెండు కొలతలను వ్రాసికొనవలెను.

హోసునుండి పైపులోనికి గాలి పోవు చోట, అనగా రంపమువైపు చివర, రేకు పనివానిచేత 100 మిల్లీమీటర్ల వెలుపలి కొలత గల జానెడు రేకుగొట్టము చేయించుట సులభము. సగము హోసులోనికి, సగము పైపులోనికి దూర్చి, పైపులోనికి పోవు సగమునకు పాత సైకిలు ట్యూబు పట్టీని చుట్టినచో సందు నిండును. ఇచ్చట ఒక నియమము గలదు: లోపలనుండు గొట్టపు కొస ఎల్లప్పుడు గాలి పోవు దిక్కునకు తిరిగి యుండవలెను. ఇంటి పెంకులు పైవరుస క్రిందివరుసను కప్పునట్లు పఱచుదురు. ఇదియు అట్టిదే. కొస ఎదురు తిరిగినచో దాని అంచు పొట్టునకు గడప యగును. ఒక పొడుగు పేడు అచ్చట అడ్డముపడును, దానికి మఱియొకటి తగులుకొనును, కొంతసేపటికి గొట్టము మూతపడును.

ఈ నియమము వలననే సంగ్రాహకమువైపు చివర అదే రేకుగొట్టము పనికిరాదు. అచ్చట దాని అంచు గాలికి ఎదురగును. అచ్చటికి వడ్రంగి చేతిలోనే మందున్నది. మంచి ప్లయివుడ్డు వలయములను జిగురుతో దొంతిగ అతికించి, ఒకవైపు పైపు వెలుపలి కొలత 110నకు, వేఱొకవైపు యంత్రపు నోటి వెలుపలి కొలత 100నకు సరిగ తొలిచి, నడుమ భాగమును పైపు లోపలి కొలతనుండి నోటి లోపలి కొలతకు వాలుగ నునుపు చేసిన కఱ్ఱ కంకణము తయారగును. రెండు గొట్టములును రెండువైపులనుండి దానిలో కూర్చుండును. పొట్టు వాలుమీదుగ జాఱిపోవును. బజారులో ఇట్టి కూర్పుముక్క దొరకినను తనశాల కొలతలకు తానే చేసికొన్న దానివలె కుదురుట అరుదు. పైపు కొసను వేడిచేసి మెత్తపఱచి వెడల్పు చేయుట గొట్టపు పనివారికి తెలిసిన విద్యయే, అయితే పి.వి.సి. మాడినచో వెలువడు పొగ విషము గనుక ఆ పనిని ఆరుబయట, మంట తగులకుండ వేడిగాలితో చేయవలెను.

హోసును నోటిపై బిగించు మర బిగింపు పట్టీ, అనగా క్లాంపు, తీగచుట్టకు అడ్డముగ పడినచో తీగ గట్టునకు ఇరువైపుల సొరంగమువంటి సందు మిగులును. తీగ కొసను ఒక చుట్టు మేర ఊడదీసి, వట్టి ప్లాస్టికుపై పట్టీ వేసి, తీగను పట్టీ వెలుపలికి దాటించినచో బిగువు పూర్తియగును. ఆ తీగను కోసి పాఱవేయరాదు. దాని పని ముందు రానున్నది.

పైపులను నీటిపనిలోవలె జిగురువేసి శాశ్వతముగ అతికించుట తగదు. ఎప్పుడో ఒకనాడు మూతపడును, అప్పుడు విప్పవలెను. బిగువుగ దూర్చి, వెలుపల అల్యూమినియము టేపు చుట్టి, బరువు మోయు చోట పొట్టి మరమేకు ఒకటి రెండు వేసినచో చాలును. మరమేకు కొన లోపలికి పొడుచుకొని రాకూడదు. శాఖ ప్రధాననాళములో కలియు చోట టీ ముక్క వాడక, ఏరు నదిలో కలియునట్లు ఏటవాలుగ కలియు వై ముక్కను, దాని చేయి గాలి పోవు దిక్కునకు ఒరగునట్లు వాడవలెను. ప్రతి శాఖకును జరుపు కవాటము, అనగా గేటు, ఉండవలెను. పనిలేని శాఖ తెఱచి యున్నంతసేపు యంత్రము శాలలోని వట్టి గాలిని సంచికి ఎత్తుచుండును.

కవాటములు మూసినచో మోటారుపై భారము పెరిగి కాలిపోవునని పలువురు భయపడుదురు. ఈ రెక్కలచక్రముల స్వభావము దానికి విరుద్ధము. గాలి కదలకున్నచో చక్రమునకు మోయవలసినది లేదు. మోటారు తేలికగ తిరుగును. భారము హెచ్చునది గొట్టములేవియు తగిలింపక నోరు పూర్తిగ తెఱచి నడిపినప్పుడే. అయినను గాలి పోని స్థితిలో గంటలకొలది నడిపినచో మోటారు వేడెక్కవచ్చును, ఆపివేయుటయే ఉచితము.

రాపిడివలన ప్లాస్టికు గొట్టములో స్థిరవిద్యుత్తు చేరును. ఉత్తరపుగాలి వీచు పొడి దినములలో గొట్టమునకు చేయి తగిలినప్పుడు చుఱుక్కుమనుట దానివలననే. చిన్న శాలలో దీనివలన ప్రేలుడు జరుగునని చెప్పుట అతిశయోక్తి. కాని త్రుళ్లిపడిన చేయి రంపముమీద పడుట అతిశయోక్తి కాదు. హోసులోని తీగను సంగ్రాహకపు లోహభాగమునకు కలిపి, ఆ భాగము ఎర్తునకు చేరినదో లేదో చూచికొనవలెను. పెద్ద కర్మాగారములలో లోహపు గొట్టములే వేసి ఎర్తు చేయవలెను. అచ్చటి ధూళి పరిమాణమునకు ప్రేలుడు నిజమైన అపాయమే. చిన్న శాలలో భయపడవలసినది నిప్పురవ్వకు. పాతకఱ్ఱలోని మేకు రంపమునకు తగిలినప్పుడు, ఇనుము సానపట్టునప్పుడు లేచిన రవ్వ సంచిలోని పొట్టులో చేరి రాత్రి యంతయు రాజుకొనగలదు. ఇనుము సానపట్టు యంత్రమును ఈ గొట్టమునకు ఎన్నడును తగిలింపరాదు. సంచిని నిండనిచ్చి రాత్రికి వదలరాదు.

కూర్పు ముగిసిన పిమ్మట పరీక్ష. నాందేడువారికి దూది కఱవు లేదు. సన్నని దూదిపోగును కఱ్ఱపుల్లకు కట్టి, యంత్రము నడచుచుండగ ప్రతి అతుకునొద్ద పట్టి చూడవలెను. పోగు లోనికి వంగిన చోట సందున్నది. అగరుబత్తి పొగతోను చూడవచ్చును గాని ధూళి యున్న చోటికి నిప్పు తీసికొనిపోవుట బుద్ధి కాదు. సందులన్నియు సమానములు కావు. రంపమునుండి చక్రము వఱకు గల భాగములో సందున్నచో బయటి గాలి లోనికి పోవును, పీల్పు తగ్గును, అంతే. చక్రము దాటిన పిమ్మట సంచి మెడయొద్ద సందున్నచో లోపలి గాలి బయటికి వచ్చును. అది శాలలోని అత్యంత సూక్ష్మమైన ధూళిని ఏఱి, వేగముతో గదిలోనికి చిమ్మును. మొదటి దోషము పొట్టు నేలపై మిగులుటవలన తెలియును. రెండవ దోషమున్న శాల ఊడ్చినట్లే యుండును.

సంచి గుడ్డ సంగతియు ఇట్టిదే. చౌక యంత్రములతో వచ్చు పలుచని సంచిలోనుండి 30 మైక్రానుల రేణువులు దాటిపోవును. అవి పొట్టును పట్టి, పీల్వదగిన ధూళిని మాత్రము వదలుచున్నవన్నమాట. దట్టముగ నేసిన లేక అదిమిన ఉన్ని వంటి గుడ్డను, వీలైనచో మడతలు మడతలుగ విశాలముగ నుండు వడపోత డబ్బాను అమర్చవలెను. సన్నని గుడ్డకు విస్తీర్ణము చాలనిచో గాలి మరల అడ్డగింపబడును. శాల వెనుక ఖాళీస్థలమున్నవారు యంత్రమును గోడ అవతల చిన్న రేకు చాటున పెట్టి, పైపును గోడలోనుండి తీయవచ్చును. అప్పుడు వడపోతలో లోపమున్నను శాల గాలి చెడదు, ధ్వనియు తగ్గును. పొరుగువారి కిటికీ ఎటున్నదో మాత్రము ముందు చూచికొనవలెను.

ఎంత చక్కని కూర్పైనను రెండు పనులలో ఓడును. ఒకటి చేతితో ఉప్పుకాగితము రుద్దుట, రెండవది సంచి దులుపుట. ఈ రెండు సమయములలో ముఖమునకు ఎన్-95 తరగతి ముసుగు ఉండవలెను. మెడలోని తుండుగుడ్డను ముక్కునకు కట్టుకొనుట వలన ఆ సూక్ష్మ రేణువులు ఆగవు. సంచి దులుపు పనిని తఱచు శాలలోని చిన్నవానికి, పని నేర్చుకొనుటకు వచ్చిన పిల్లవానికి అప్పగించుదురు. ఊపిరితిత్తులకు ముందున్న సంవత్సరములు అందఱిలోను హెచ్చుగ గలవాడు వాడే. ఆ పని పెద్దవారు ముసుగు ధరించి, ఆరుబయట, గాలికి వెన్నిచ్చి నిలిచి చేయదగినది.